జడ్చర్లలో ఆగే తిరుపతి బస్సు: హైదరాబాదు నుంచి డాలస్‌కు దుబాయి దారిపై ఒక సమీక్ష

ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం దూరప్రాంతపు సర్వీసులకు వేళలు కట్టడంలోనే గడిపిన వాడిని కనుక, ఏ ప్రయాణం చేసినా దూరం ఎంత, బండి నడిచే సమయం ఎంత, ఆగుడు సమయం ఎంత అని మూడు గడులు గీసి రాసుకునే అలవాటు ఉద్యోగం మానినా నన్ను వదలలేదు. గత మే నెలలో మా శ్రీమతితో కలిసి అమ్మాయి ఇంటికి డాలస్ వెళ్ళి, అక్టోబరులో తిరిగి వచ్చినప్పుడు కూడా ఆ మూడు గడులూ నిండాయి. వాటి ఆధారంగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది విమాన సంస్థ గురించి రాసినది కాదు. సీటు మెత్తన, భోజనం రుచి, సిబ్బంది మర్యాద వంటివి రోజుకొక తీరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోను. హైదరాబాదు నుంచి డాలస్‌కు దుబాయి మీదుగా ఒక్క చోట ఆగి వెళ్ళే దారి, అరవై దాటిన ఇద్దరు సాధారణ తరగతి ప్రయాణికులకు ఎంతవరకు అనువైనదో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా దూరం సంగతి చూద్దాం. శంషాబాదు విమానాశ్రయం నుంచి డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,420 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దగ్గరి దారి ఇరవై వేల కిలోమీటర్లను మించి పెద్దగా ఉండదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ ప్రయాణం ఆ గరిష్ఠ దూరంలో దాదాపు మూడు వంతులకు చేరువగా ఉందని అర్థమవుతుంది. గోడకు వేలాడే ప్రపంచ పటం చూసి మనం డాలస్ పడమట ఉందనుకుంటాం, ఆ లెక్కన అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్ళాలనుకుంటాం. మనుమడి దగ్గరున్న గ్లోబు మీద నేను దారం పట్టి లాగి చూస్తే అది పడమటికి కాదు, దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయింది. కారణం కష్టమైనదేమీ కాదు. హైదరాబాదు తూర్పు రేఖాంశం 78 డిగ్రీల మీద, డాలస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల మీద ఉన్నాయి. రెండూ కలిపితే 175. అంటే మన రేఖాంశానికి గోళం అవతలి వైపున ఎదురుగా ఉండే రేఖకు డాలస్ అయిదు డిగ్రీల లోపు తేడాతో ఉన్నట్టు. అలాంటప్పుడు దగ్గరి దారి హిమాలయాలనూ సైబీరియానూ దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల చేరువలోకి వెళ్ళి, అక్కడి నుంచి కెనడా మీదుగా దిగుతుంది. పటంలో పడమటిదిగా కనిపించే ఊరికి ధ్రువం పక్కనుంచి దారి ఉందని మా శ్రీమతికి దారంతో చూపించే వరకు ఆమె నమ్మలేదు. చూపించిన తరువాత కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు.

అయితే ఆ దారిలో మనల్ని ఎక్కించుకుని నేరుగా తీసుకువెళ్ళే విమానం లేదు. అందుకే దుబాయి. హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,545 కిలోమీటర్లు, దుబాయి నుంచి డాలస్‌కు సుమారు 12,920 కిలోమీటర్లు, కలిపి 15,465. నేరు దారి కంటే ఇది 1,045 కిలోమీటర్లు, అంటే నూటికి ఏడు వంతులు మాత్రమే ఎక్కువ. విమానం వేగంతో లెక్కిస్తే ఈ చుట్టు గంటంపావు పని. బస్సు రూటు అయినా ఊళ్ళు కలుపుకుంటూ పోయేటప్పుడు నూటికి పది పన్నెండు వంతుల చుట్టును మేము పట్టించుకునే వాళ్ళం కాదు. ఆ కొలతతో చూస్తే దుబాయి దారిని చుట్టుదారి అనడానికి వీల్లేదు. దూరం విషయంలో ఈ మార్గానికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇంకొక సంగతి కూడా ఈ లెక్కలోనే దాగి ఉంది. ఈ గల్ఫ్ దారుల్లో ఎక్కువగా తిరిగే బోయింగ్ 777–300 ఈఆర్ రకం విమానం ప్రయాణికులతో వెళ్ళగల దూరాన్ని తయారీదారులు సుమారు 13,650 కిలోమీటర్లుగా చెబుతారు. హైదరాబాదు–డాలస్ నేరు దూరం దానికి మించిపోతుంది, దుబాయి–డాలస్ దూరం దానిలో ఇముడుతుంది. పైగా శంషాబాదు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది; ఎత్తయిన చోట, అందులోనూ మే నెల ఎండల్లో గాలి పలుచబడి, నిండా ఇంధనంతో బరువెక్కిన విమానం లేవడానికి మరింత కష్టపడుతుంది. గల్ఫ్ నగరాలు అమెరికాకు మధ్యదారి సత్రాలయ్యాయంటే డబ్బూ దర్జా మాత్రమే కారణం కాదు. దుబాయిలో ఆగడం వల్ల మిగిలిన దూరం, నేరు దారితో పోలిస్తే, సరిగ్గా 1,500 కిలోమీటర్లు తగ్గి విమానం ఓపికలోకి వస్తుంది.

అంత దూరం ఒక్క దమ్మున ఎగరగల విమానాలు లేవని కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని 2018 అక్టోబరు నుంచి ఎయిర్‌బస్ ఎ350–900 యూఎల్ఆర్ విమానం ఎక్కడా ఆగకుండా దాటుతోంది. అయితే అందులో ఉన్న 161 సీట్లూ బిజినెస్, ప్రీమియం ఎకానమీ తరగతులవే. మనబోటి వాళ్ళు కూర్చునే సాధారణ తరగతి ఒక్క వరుస కూడా లేదు. మన నగరానికీ అలాంటి ప్రయత్నం జరగకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకు, సుమారు 13,280 కిలోమీటర్ల దూరానికి, 777–200 ఎల్ఆర్ విమానంతో వారానికి ఒక నేరు సర్వీసు మొదలుపెట్టింది, అది నిలవలేదు. వారానికి ఒక ట్రిప్పు తిప్పే రూటు ఏదీ ప్రయాణికులకు అలవాటు కాదన్నది బస్సుల్లో నేను చూసిన సంగతి, విమానాల్లో వేరుగా ఉంటుందని అనుకోను.

ఇక సమయం. టికెట్ల కోసం మొదట మేము వెళ్ళిన ఏజెంటు, ఆయన పేరు ఇక్కడ అనవసరం, కంప్యూటరు నుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. హైదరాబాదు–డాలస్ దూరం 14,420 కిలోమీటర్లు, ప్రయాణ సమయం పద్దెనిమిదిన్నర గంటలు అని అందులో ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది: దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించి, లేవడానికీ దిగడానికీ ఒక అరగంట చేర్చారు. బస్సు డిపోలో కొత్తగా చేరిన గుమాస్తా కూడా ఇలాగే లెక్క కడతాడు, మధ్యలో ఘాట్ రోడ్డు ఉందనీ, రైల్వే గేటు పడుతుందనీ, డ్రైవరు టీ తాగుతాడనీ అతనికి ఇంకా తెలియదు. ఏ విమానమూ నడవని దారికి, ఎక్కడా ఆగని సమయం రాసి ఇవ్వడం తప్పు కాకపోవచ్చు, కానీ దాన్ని ప్రయాణ సమయం అని పిలవడం మాత్రం తప్పే. అదే ఏజెంటు, పదకొండు వేలు తక్కువ అంటూ, దుబాయి వరకు ఒక టికెట్టు, అక్కడి నుంచి వేరొక టికెట్టు కలిపి ఇవ్వబోయాడు. అలా రెండు టికెట్ల మీద వెళితే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు మన బాధ్యత ఎవరిదీ కాదు. సామాను కూడా మధ్యలో మనమే దించుకుని మళ్ళీ అప్పగించవలసి రావచ్చు. అమ్మాయి ఫోనులో గట్టిగా వద్దన్నది కనుక మేము ఒకే టికెట్టు మీద, సామాను డాలస్ వరకు చీటీ వేయించుకుని వెళ్ళాం. పదకొండు వేలకు కొన్న ఆ నిశ్చింత నాకు ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే చౌకగా దొరికిన వస్తువు.

మా అసలు లెక్క ఇది. కూకట్‌పల్లి ఇంటి నుంచి రాత్రి పదకొండున్నరకు బయలుదేరాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా సుమారు నలభై కిలోమీటర్లు. తెల్లవారుజామున 4:20కి విమానం కదిలింది. దుబాయికి 3 గంటల 50 నిమిషాలు, అక్కడ ఆగింది 3 గంటల 20 నిమిషాలు, ఆ తరువాత డాలస్‌కు 16 గంటల 10 నిమిషాలు. మొత్తం 23 గంటల 20 నిమిషాలు. డాలస్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో అదే తేదీ సాయంత్రం 5:10. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, గడియారాన్ని నమ్మితే మేము పన్నెండు గంటల యాభై నిమిషాల్లో భూమికి అటు వైపు చేరినట్టు. ఒంటిని అడిగితే వేరే జవాబు వస్తుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టేసరికి రాత్రి ఏడున్నర; గుమ్మం నుంచి గుమ్మానికి 30 గంటల 30 నిమిషాలు. ఇందులో విమానాల్లో గడిచింది ఇరవై గంటలే, మిగిలిన పదిన్నర గంటలు నేల మీద క్యూల్లో, కుర్చీల్లో, కార్లలో గడిచాయి. మొత్తం 15,465 కిలోమీటర్లను ముప్పైన్నర గంటలతో భాగిస్తే గంటకు 507 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆకాశంలో తొమ్మిది వందల వేగం అని తెర మీద చూసి మురిసిపోయే వాళ్ళు ఈ రెండవ అంకెను కూడా గుర్తుపెట్టుకోవడం మంచిది.

మొదటి భాగం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అర్ధరాత్రి నిద్ర చెడగొట్టుకుని ఎక్కిన వాళ్ళం కాబట్టి, విమానం అరేబియా సముద్రం మీదికి చేరే లోపు పళ్ళెం వచ్చింది, పళ్ళెం తీసేలోపు దిగే వేళ అయింది. ఉప్మా లాంటిదేదో పెట్టారు.

దుబాయిలో 3 గంటల 20 నిమిషాలు మాకు సరిపోయాయి, మిగల్లేదు. అంతకంటే తక్కువ వ్యవధి ఉన్న టికెట్లు కూడా అమ్ముతారు. గంటన్నర కంటే తక్కువ ఉన్నది పెద్దవాళ్ళు కొనకూడదని నా అభిప్రాయం. మూడవ టెర్మినల్ ఒక్కటే ఒక చిన్న పట్నమంత ఉంటుంది, ఒక భాగం నుంచి మరొక భాగానికి లోపలి రైలు ఎక్కవలసి రావచ్చు. దిగగానే మళ్ళీ చేతిసంచీల తనిఖీ, అమెరికా వెళ్ళే గేటు దగ్గర మరోసారి పత్రాల పరిశీలన ఉంటాయి. మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పి ఉన్నందువల్ల టికెట్టు తీసుకున్నప్పుడే వీల్‌చెయిర్ కోరాం. అది కోరడానికి మొదట ఆమె ఒప్పుకోలేదు, కాళ్ళు లేనిదాన్నా అంది. దుబాయిలో నడవవలసిన దూరం చూశాక మరి మాట్లాడలేదు. రోజుకు ఒకటే సర్వీసు ఉండే ఇలాంటి దూరపు రూట్లలో విమానం తప్పితే మరునాటి దాకా అక్కడే ఉండిపోవాలి కాబట్టి, ఆగుడు సమయంలో రెండు గంటలు ఎక్కువ పోయినా దాన్ని నష్టం కింద రాయకూడదు. మేము వేళలు కట్టేటప్పుడు దాన్ని రికవరీ టైము అనేవాళ్ళం; పాసింజర్లకు అది వృథాగా కనిపిస్తుంది, దాని విలువ ఆలస్యమైన రోజున తెలుస్తుంది.

ఈ సమీక్షలో అసలైన భాగం ఆ పదహారు గంటల పది నిమిషాలు. దుబాయి నుంచి డాలస్‌కు దారం పట్టి లాగితే అది ఇరాన్, కాకసస్ పర్వతాలు, పశ్చిమ రష్యా, స్కాండినేవియా మీదుగా ఐస్‌లాండ్ వాయవ్యపు అంచును తాకి, గ్రీన్‌లాండ్ దక్షిణాన్నీ కెనడా తూర్పునూ దాటి అమెరికా నడిబొడ్డులోకి దిగుతుంది. అయితే విమానాలు ఏ రోజూ సరిగ్గా దారం మీద నడవవు. ఆ రోజు గాలి ఎటు ఉంది, ఏ దేశపు గగనతలం మూసి ఉంది అన్నదాన్నిబట్టి దారి మారుతుంది. గల్ఫ్ మీదుగా వెళ్ళే వాళ్ళు ఈ రెండవ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. 2025 జూన్‌లో ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసినప్పుడు ఎందరో మధ్యదారిలో చిక్కుకుపోయారు. సముద్రాలూ కొండలూ కదలవు, రాజకీయం కదులుతుంది. మా ప్రయాణంలో అలాంటి ఆటంకమేమీ రాలేదు. గ్రీన్‌లాండ్ మీద ఎండలో మెరిసే మంచును కిటికీ తెర ఒక వేలెడు ఎత్తి చూశాం, మిగతా విమానమంతా చీకటి చేసి నిద్రపోతుండగా.

పదహారు గంటలు కూర్చోవడం అంటే ఏమిటో చెప్పాలి. వరుసకు పది సీట్లు, మూడు–నాలుగు–మూడుగా. మేము తెలివిగా నడవ పక్క సీటూ దాని పక్కదీ తీసుకున్నాం, కిటికీ వైపు సీటు వేరొకరికి పడింది. ఆ యువకుడు పాపం రెండుసార్లు మాత్రమే లేచాడు, మేము మా కాళ్ళ కోసం ఎనిమిది సార్లు లేచాం. మొదటి ఆరు గంటలు భోజనంతో, కునుకుతో గడిచిపోతాయి. చివరి మూడు గంటలు దిగబోతున్నామన్న ఆశతో గడుస్తాయి. నడుమ ఉన్న ఏడు గంటలే కష్టం. తెర మీద మిగిలిన దూరం 7,000 కిలోమీటర్లని చూసి కళ్ళు మూసుకుని, చాలాసేపు నిద్రపోయామనుకుని లేచి చూస్తే 6,600 ఉంటుంది. విమానం లోపలి గాలి మన వేసవి వడగాలి కంటే పొడిగా ఉంటుంది, పెదవులు పగులుతాయి; లోపలి వాయుపీడనాన్ని కూడా రెండు వేల మీటర్లకు పైబడిన కొండ మీద ఉన్నంతకు తగ్గించి ఉంచుతారు కాబట్టి కడుపు బిగుస్తుంది, కదలకుండా కూర్చోవడం వల్ల కాళ్ళు ఉబ్బుతాయి. చాలాసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి గంటన్నరకోసారి లేచి నడవమనీ, నీళ్ళు తరచు తాగమనీ మా డాక్టరు గారు చెప్పారు. షుగరు మాత్రల విషయంలో ఆయన ఇచ్చిన సలహా నాకు బాగా నచ్చింది: ప్రయాణంలో ఉన్నంతసేపు ఏ ఊరి గడియారాన్నీ చూడకుండా, ఒక మాత్రకూ మరొక మాత్రకూ మధ్య ఎన్ని గంటలు గడిచాయో కాగితం మీద రాసుకోమన్నారు. ఇది ఒక్కొక్కరి మందును బట్టి మారేది కాబట్టి ఎవరి డాక్టరును వాళ్ళు ముందే అడగాలి. శాకాహారులు టికెట్టు తీసుకున్నప్పుడే ఏషియన్ వెజిటేరియన్ భోజనం అని నమోదు చేయించుకుంటే అందరికంటే ముందుగా పళ్ళెం వస్తుంది. ఇది చిన్న సంగతే గాని, ఆ నడి ఏడు గంటల్లో చిన్న సంగతులు పెద్దవవుతాయి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. అది ఎవరి మీదా కాదు, భూగోళం మీద. పదిహేను వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఉన్న ఒకే ఒక్క ఆగుడు, దారిలో ఆరో వంతు దగ్గరే వచ్చేస్తుంది. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా తిరుపతికి సుమారు 560 కిలోమీటర్లు. ఆ బస్సును ఇదే నిష్పత్తిలో ఆపాలంటే దాదాపు జడ్చర్లలో ఆపాలి. ఎక్కిన వాళ్ళు ఇంకా సర్దుకోలేదు, ఎవరికీ ఆకలి లేదు, డ్రైవరు అలసిపోలేదు. అక్కడ గంటల తరబడి ఆపి, ఆ తరువాత కర్నూలులో గాని, కడపలో గాని ఎక్కడా ఆపకుండా తిరుపతి వరకు తోలితే ప్రయాణికులు డిపో మేనేజరు గదికి వచ్చి ఏమనేవారో నాకు బాగా తెలుసు. దుబాయి దారిలో జరిగేది అదే. విశ్రాంతి అక్కరలేనప్పుడు నాలుగు గంటల ప్రయాణం తరువాత మంచి కుర్చీలు, వెడల్పాటి నడవలు, వేడి కాఫీ దొరుకుతాయి. నిజంగా కాళ్ళు చాచుకోవాలనిపించే పన్నెండో గంటలో మనం కెనడా తూర్పున లాబ్రడార్ మీద పదకొండు వేల మీటర్ల ఎత్తున ఉంటాం. దోహా మీదుగా వెళ్ళినా ఇదే కథ. అక్కడికి సుమారు 2,910, అక్కడి నుంచి 12,745 కిలోమీటర్లు. ఆగుడు మరి నాలుగు వందల కిలోమీటర్లు ముందుకు జరుగుతుంది, అంతకు మించి తేడా లేదు.

డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 1974లో మొదలైంది, విస్తీర్ణంలో న్యూయార్క్ నగరపు మన్‌హాటన్ దీవి కంటే పెద్దది. విదేశాల నుంచి వచ్చే విమానాలు ఎక్కువగా డి టెర్మినల్ దగ్గర ఆగుతాయి. వీల్‌చెయిర్ ఉన్నందువల్ల మాకు ఇమ్మిగ్రేషన్ వరుస తొందరగానే కదిలింది. ఎవరింటికి, ఎన్నాళ్ళు, తిరుగు టికెట్టు ఉందా అని మూడు ప్రశ్నలు అడిగారు. తెచ్చిన తినుబండారాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పడం అన్నిటికంటే క్షేమం. ఆవకాయ, కారప్పొడులు చూసి పంపించారు. మాంసం కలిసినవి, తాజా పండ్లు, ఆకులు మాత్రం పెట్టెలో పెట్టకపోవడమే మేలు. కరివేపాకు కోసం మా శ్రీమతి ఎంత పట్టుబట్టినా నేను ఒప్పుకోలేదు. ఫ్రిస్కోలో అమ్మాయి పెరట్లో కుండీలో మోకాలెత్తు కరివేప మొక్క ఉంది.

తిరుగు ప్రయాణం వేరే అనుభవం. డాలస్ నుంచి దుబాయికి 14 గంటల 40 నిమిషాలే పట్టింది, అంటే వెళ్ళేటప్పటి కంటే గంటన్నర తక్కువ. దూరం అదే, విమానం అదే రకం; గాలి మాత్రమే వేరు. ఉత్తరార్ధగోళంలో ఆ ఎత్తున గాలి ప్రవాహాలు పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి, వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. సగటు వేగం లెక్కకడితే వెళ్ళేటప్పుడు గంటకు 800, వచ్చేటప్పుడు 880 కిలోమీటర్లు వచ్చింది. కృష్ణలో పడవ ఏటికెదురు పోవడానికీ వాలుకు రావడానికీ ఉండే తేడా ఇదే. దుబాయిలో 2 గంటల 50 నిమిషాలు ఆగి, అక్కడి నుంచి 3 గంటల 20 నిమిషాల్లో శంషాబాదు. మొత్తం 20 గంటల 50 నిమిషాలు. సమయం ఇంత కలిసివచ్చినా గడియారం దగ్గర దండగ చెల్లించక తప్పలేదు: శుక్రవారం సాయంత్రం ఏడున్నరకు బయలుదేరితే దిగేసరికి ఆదివారం తెల్లవారుజామున 2:50. వెళ్ళేటప్పుడు అరువుగా తీసుకున్న పదిన్నర గంటలను తిరిగి చెల్లించాం, ఆ శనివారం మా చేతికి రాకుండానే పోయింది. వచ్చేటప్పుడు ఆగుడు చివర పడుతుంది కనుక, పద్నాలుగు గంటల తరువాత కాళ్ళు చాచుకోవడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. ఒకే దారిని వెళ్ళేటప్పుడు ఒక రకంగా, వచ్చేటప్పుడు మరొక రకంగా అంచనా వేయవలసి వస్తుందని నేను ముందుగా ఊహించలేదు.

పోలిక కోసం లండన్ దారిని కూడా నా గడుల్లో వేసి చూశాను. హైదరాబాదు నుంచి లండన్ హీత్రోకు సుమారు 7,750, అక్కడి నుంచి డాలస్‌కు సుమారు 7,630, మొత్తం 15,380 కిలోమీటర్లు. దుబాయి దారికీ దీనికీ తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు, ప్రపంచ పటం మీద లండన్, దుబాయి ఎంతెంత దూరాన ఉన్నాయో చూస్తే ఇది వింతగా తోస్తుంది. కానీ ఇక్కడ ఆగుడు సరిగ్గా సగం దారిలో, కర్నూలుకూ కడపకూ నడుమ పడినట్టు పడుతుంది. పది గంటలు, విశ్రాంతి, మళ్ళీ పది గంటలు. మోకాళ్ళ నొప్పి ఉన్న వాళ్ళకు, గంటల తరబడి కూర్చోలేని వాళ్ళకు ఇదే మేలైన పంపకం. దీనికీ లోపాలున్నాయి. పది గంటల విమానంలో రెండు భోజనాలు పోను దొరికే నిద్ర తక్కువ, పదహారు గంటల విమానంలో ఎంత ఇబ్బంది ఉన్నా నిద్రపట్టే వాళ్ళకు ఏకంగా ఏడెనిమిది గంటలు దొరుకుతుంది. హీత్రోలో టెర్మినల్ మారవలసి వస్తే బస్సు ఎక్కాలి. ట్రాన్సిట్ వీసా నిబంధనలు మన పాస్‌పోర్టుకు ఎలా వర్తిస్తాయో టికెట్టుకు డబ్బు కట్టే ముందే చూసుకోవాలి. చికాగో, న్యూయార్క్ వంటి ఊళ్ళకు వెళ్ళే వాళ్ళు అబుదాబి దారిని కూడా పరిశీలించవచ్చు, అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే పూర్తయిపోతుంది కాబట్టి అవతల దేశీయ ప్రయాణికుల మాదిరిగా నేరుగా బయటికి నడిచిపోవచ్చు.

చేరిన తరువాతి రోజులను కూడా ప్రయాణంలో భాగంగానే లెక్కించాలి. పదిన్నర గంటల తేడా అంటే పగలూ రాత్రీ దాదాపు తారుమారు కావడమే. డాలస్‌లో మాకు నిద్ర దారిలో పడడానికి అయిదు రోజులు పట్టింది, తెల్లవారి మూడింటికే లేచి ఇద్దరం వంటింట్లో దీపం వేసుకుని కూర్చునే వాళ్ళం. తిరిగి వచ్చాక తొమ్మిది రోజులు. తూర్పు దిక్కుకు వచ్చినప్పుడు సర్దుకోవడం కష్టమని అందరూ అంటారు, మా విషయంలో అది అక్షరాలా జరిగింది. దిగిన మరునాడే పెళ్ళికో, గుడికో కార్యక్రమం పెట్టుకునే వాళ్ళు ఈ రోజులను టికెట్టు మీది గంటలకు కలుపుకుని చూసుకోవాలి.

దుబాయి దారికి నా అంచనా ఇలా ఉంది: వెళ్ళేటప్పుడు నలభై లోపు వాళ్ళకు, నిద్ర బాగా పట్టే వాళ్ళకు నిస్సందేహంగా మంచిది, అరవై దాటి, కీళ్ళ నొప్పులున్న వాళ్ళకు మధ్యస్థం, వచ్చేటప్పుడు మాత్రం అందరికీ మంచిదే. వచ్చే ఏడాది వెళ్ళేటప్పుడు లండన్ మీదుగా, వచ్చేటప్పుడు దుబాయి మీదుగా చూడమని అమ్మాయికి ఫోనులో చెప్పాను. అలా రెండు సంస్థల మీద తీసుకుంటే ధర పెరుగుతుంది నాన్నా అంది. పక్కనుంచి మా శ్రీమతి, పదహారు గంటలు ఒక్కసారి ఓర్చుకుంటే మళ్ళీ ఎక్కే పని ఉండదు కదా, నడుమ లండన్‌లో ఇంకోసారి ఆ మెట్లూ ఆ తనిఖీలూ ఎందుకని అడిగింది. మోకాళ్ళు ఆమెవి కాబట్టి నేను మూడు గడుల కాగితం మడిచి పెట్టేశాను. టికెట్టు ఇంకా తీసుకోలేదు.